టోక్యో విమానం మెరకలంక మీదుగా

టోక్యో నుంచి బ్యూనస్ ఎయిర్స్‌కు విమానమార్గాన దూరం ఇరవై వేల ఆరువందల కిలోమీటర్లుగా గుడివాడ పట్టణంలో, పెద్దమనుషుల సమక్షంలో, ఉభయపక్షాల అంగీకారంతో ఖరారైంది. ఆ రెండు నగరాల ప్రజలూ, పైలట్లూ ఇకమీదట దీన్ని గమనించి తదనుగుణంగా ప్రయాణాలు చేసుకోవలసిందిగా మనవి. ఇంతకుముందు ఎవరైనా అంతకంటే తక్కువ దూరంలో చేరిపోయి ఉంటే, తెలియక చేసిన పొరపాటు కింద వదిలేయాలని కూడా పెద్దలు ఉదారంగా తీర్మానించారు.

ఈ తీర్మానం ఏ విజ్ఞాన సభలోనో జరగలేదు. తొంభై ఎనిమిది మాఘమాసంలో, బియ్యం వ్యాపారి వెంకట్రామయ్యగారి పెద్దమ్మాయి లహరి నిశ్చయ తాంబూలాల్లో జరిగింది. ఇరు కుటుంబాల్లోనూ టోక్యోలో ఉన్నవారు ఎవరూ లేరు. బ్యూనస్ ఎయిర్స్ ఏ దేశంలో ఉందో తెలిసినవారు ఆ పందిట్లో ఇద్దరో ముగ్గురో. విమానం ఎక్కినవారు ఒక్కరూ లేరు. గన్నవరం విమానాశ్రయం కంచె బయట నిలబడి విమానాన్ని చూసినవారు మాత్రం కొందరు ఉన్నారు. తగవు మొదలైన దగ్గర్నుంచి వారికి ముందు వరసలో కుర్చీలు వేశారు.

అసలు సంగతి ఒక చిన్న ప్రశ్నతో మొదలైంది. లహరి బందరులో, అంటే మచిలీపట్నంలో, సర్కారు హైస్కూల్లో సోషల్ టీచరు. పరీక్ష రాసి తెచ్చుకున్న ఉద్యోగం. పెళ్లి చేసుకుంటాను గాని ఉద్యోగం మానను అని ముందే చెప్పేసింది. పెళ్లికొడుకు తేజ వాళ్లది దివిసీమలో నాగాయలంక అవతల, కృష్ణ పాయ దాటితే వచ్చే మెరకలంక. రొయ్యల చెరువులూ కొంత మాగాణీ ఉన్నాయి. అబ్బాయికి చదువుంది, మాట నెమ్మది. పెళ్లిచూపుల్లో "మీ పిల్లలు ఎక్కువగా ఏ పాఠానికి నిద్రపోతారండీ?" అని అడిగాడట. ఇంతవరకు ఏ పెళ్లికొడుకూ అడగని ప్రశ్న అది. లహరికి నచ్చాడు. నచ్చాడు కాబట్టే ఆమె ప్రశ్న మరింత అవసరమైంది. మెరకలంక నుంచి బందరు బడికి ఎంత దూరం? రోజూ వెళ్లి రావచ్చా, లేదా? వెళ్లి రావచ్చంటే పెళ్లి. కాదంటే లేదు.

సంబంధం తెచ్చిన మధ్యవర్తి "దగ్గరేనమ్మా" అన్నాడు. పెళ్లికొడుకు తల్లి "ఎంతండీ, ఇలా వెళ్లి అలా రావచ్చు" అంది. వెంకట్రామయ్యగారు "దగ్గరే అంటున్నారుగా" అన్నారు.

మా ప్రాంతంలో దూరాన్ని అంకెల్లో చెప్పడం మర్యాద కాదని ఇక్కడ మనవి చేయాలి. దారి అడిగినవారికి "ఇదిగో, ఇక్కడే" అని చెప్పాలి. మరీ నిలదీస్తే "అదిగో, ఆ తాటిచెట్లు కనపడటంలా, అక్కడే" అనాలి. తాటిచెట్లు దాటాక మళ్లీ అడిగితే "ఇంకేం, వచ్చేశారుగా" అనాలి. ఎండలో అంత దూరం నడవబోయే మనిషిని ముందుగానే ఎందుకు హడలగొట్టడమన్న కరుణ ఇందులో ఉంది. ఈ కరుణ మీదే మా కాలవగట్ల వెంట తరాల తరబడి జనం నడిచారు. అడిగినవాడు కళ్లు తిరిగి పడిపోయిన సందర్భాలు ఉన్నాయి గాని, చెప్పినవాడిది తప్పని ఎవరూ అనలేదు.

తాంబూలాల రోజున మగపెళ్లివారు ముహూర్తం దాటిపోయాక దిగారు. పంచెల అంచులకు బురద. ఆడవాళ్ల చేతుల్లో చెప్పులు. ఒక పెద్దావిడ దిగీ దిగగానే అరుగు మీద పడుకుంది. పెళ్లికూతురి తల్లి సరళ మంచినీళ్లు అందిస్తూ "దారిలో ఏమన్నా ఇబ్బందైందా అండీ?" అని అడిగింది.

"అబ్బే, ఇబ్బందేముందండీ. దగ్గరేగా. కోడి కూయకముందే బయల్దేరాం" అన్నారు వాళ్లు.

ఈ జవాబులో ఎవరికీ ఏ లోపమూ కనపడలేదు. పురోహితుడు పంచాంగం తిరగేసి, మొదటిదానికంటే దివ్యమైన రెండో ముహూర్తాన్ని కనుగొన్నాడు. తాంబూలాల పళ్లెం పందిట్లోకి వచ్చింది. అప్పుడు లహరి తల్లిని పిలిచి, ఆఖరిసారి, ఆ ప్రశ్నను అందరి ముందూ అడగమంది. సరళ గుమ్మంలో నిలబడి అడిగింది.

జవాబు చెప్పడానికి శోభనాద్రిగారు లేచారు. ఆయన పెళ్లికొడుక్కి మేనమామ, మెరకలంకలో పుట్టి చల్లపల్లిలో స్థిరపడిన ధాన్యం వ్యాపారి. మైకు లేని చోట కూడా మైకు ఉన్నట్టే మాట్లాడగల వక్త.

"అమ్మాయి మంచి ప్రశ్న అడిగింది. చదువుకున్న పిల్ల అడగవలసిన ప్రశ్న. కానీ అమ్మా, దూరం అనేది ఈ రోజుల్లో ఎక్కడుందమ్మా? పోయింది. నశించింది. టోక్యోలో టిఫిను చేసి బయల్దేరినవాడు బ్యూనస్ ఎయిర్స్‌లో దిగి చెయ్యి కడుక్కుంటున్నాడు. ఎంతండీ ఆ దూరం? ఇరవై మూడు వేల ఆరువందల కిలోమీటర్లు. మా కొట్లో ఎరువుల కంపెనీవాళ్లిచ్చిన క్యాలెండరు మీద ప్రపంచ పటం ఉంది. పురికొస పెట్టి నేను స్వయంగా కొలిచాను. అదే దూరం కానప్పుడు మా మెరకలంక ఒక దూరమా అని సభాముఖంగా అడుగుతున్నాను."

చప్పట్లు మోగాయి. అరుగు మీద పడుకున్న పెద్దావిడ కూడా పడుకునే కొట్టింది.

"మరి ఎంతండీ?" అని లోపలి నుంచి లహరి గొంతు వినపడింది. వినపడింది గాని ఎవరూ వినలేదు. ఎందుకంటే సరిగ్గా అప్పుడే దైవాధీనంగారు గొంతు సవరించుకున్నారు.

దైవాధీనంగారు లహరికి పెదనాన్న. కాలేజీలో భూగోళశాస్త్రం చెప్పి రిటైరైనవారు. ఉద్యోగకాలమంతా ఎవరైనా ఒక సందేహం అడుగుతారని ఎదురుచూసి, ఎవరూ అడగకుండానే సన్మానం చేయించుకుని ఇంటికొచ్చేశారు.

"పద్దెనిమిది వేల నాలుగువందలు" అన్నారాయన.

"ఏంటండీ?" అన్నారు శోభనాద్రిగారు.

"టోక్యో నుంచి బ్యూనస్ ఎయిర్స్‌కి. మీరు ఐదువేల పైచిలుకు ఎక్కువ చెప్పారు."

పందిరి చల్లబడింది. మగపెళ్లివారు చెప్పినదాంట్లోంచి ఆడపెళ్లివారు తగ్గించడం మా వైపు ఆచారంలో లేదు. అందులోనూ అడ్డంగా ఐదువేలు. పెళ్లికొడుకు బాబాయిలు ముగ్గురూ ఒకేసారి లేచి కండువాలు దులుపుకున్నారు. "మా బావగారు అబద్ధమాడారంటారా?" అని ఒకాయన, "మా మాటకు ఇప్పుడే ఇంత విలువుంటే రేపు పెళ్లయ్యాక ఎంతుంటుంది?" అని ఒకాయన, "దూరం తేలేదాకా తాంబూలాలు ముట్టుకునేది లేదు" అని మూడో ఆయన అన్నారు. మూడో ఆయన మాట తీర్మానమైంది. వంటవాళ్లు గారెల మూకుడు దించేశారు.

అందరూ ఇంతగా ఆవేశపడుతున్న ఆ దూరాన్ని ప్రయాణించబోయేది ఎవరని అడిగే తీరిక ఎవరికీ లేకపోయింది.

కొలతకు కావలసిన సామగ్రి తెప్పించారు. పక్క వీధి హైస్కూలు నుంచి కర్రలకు చుట్టిన పెద్ద ప్రపంచ పటం వచ్చింది. దాన్ని పందిరి వెనక తెర మీద, వినాయకుడి బొమ్మ కనపడకుండా వేలాడదీశారు. పురికొస శుభకార్యంలో వాడకూడదని పురోహితుడు అభ్యంతరం చెప్పడంతో, ఆయన సంచీలోంచే పసుపు దారం తీశారు. శోభనాద్రిగారు పటానికి కుడి అంచున టోక్యో మీద ఒక కొస పెట్టి, రెండో కొస పట్టుకుని ఎడమవైపు నడిచి, అడుగున ఉన్న బ్యూనస్ ఎయిర్స్ మీద బొటనవేలితో నొక్కిపెట్టారు. దారం బిగిసింది. జనం ముందుకు వంగారు.

తీర్థం ఇచ్చేటప్పుడు తోసుకున్నట్టు ఒకరి భుజాల మీంచి ఒకరు తొంగి చూశారు.

పసుపు దారం చైనా మీదుగా దిగి, బర్మా దాటి, బంగాళాఖాతంలో ఏటవాలుగా వచ్చి, సరిగ్గా కృష్ణానది సముద్రంలో కలిసే చోట గట్టెక్కి, దివిసీమ మీదుగా అరేబియా సముద్రం వైపు వెళ్లిపోతోంది.

"మన మీదుగానే" అని ఎవరో గుసగుసగా అన్నారు.

తర్వాత జరిగినదాన్ని ఆనందం అనడం తక్కువ చేసి చెప్పడమే. మగపెళ్లివారు ఒకరినొకరు కౌగలించుకున్నారు. బాబాయిలు తమ ఊరు ఇంతకాలం ఇంత ముఖ్యమైన చోట ఉందని తెలియక చేపలు పట్టుకుంటూ కూర్చున్నామని కన్నీరు పెట్టుకున్నారు. ఒకాయనకు చిన్నప్పుడు చేలో పడుకుని ఉండగా పైన సన్నగా గీత గీసుకుంటూ ఏదో వెళ్లడం జ్ఞాపకం వచ్చింది. ఇంకొకాయనకు అందులోంచి ఎవరో చెయ్యి ఊపడం కూడా జ్ఞాపకం వచ్చింది. అరుగు మీది పెద్దావిడ లేచి కూర్చుంది.

"చూశారా అమ్మాయిగారూ, టోక్యోవాళ్లే మా ఊరి మీదుగా వెళ్తుంటే, మీరు దూరమంటారేంటండీ?" అని గుమ్మం వైపు తిరిగి శోభనాద్రిగారు చిరునవ్వు నవ్వారు.

"బందరు మీదుగా వెళ్తుందేమో కూడా చూడండి, దాంట్లోనే బడికెళ్తాను" అంది లహరి లోపలి నుంచి. తేజ ఒక్కడూ నవ్వాడు. మేనమామ వాడి వైపు చూసేసరికి దగ్గుగా మార్చుకున్నాడు.

ఈలోగా దైవాధీనంగారు ఇంటికెళ్లి తన గ్లోబు తెచ్చుకున్నారు. ఒక పక్క చిన్న సొట్ట ఉన్నా, మిగతా ప్రపంచం బాగానే ఉంది. ఆయన పసుపు దారం అందుకుని టోక్యో నుంచి గ్లోబు వెనకవైపుకు తిప్పి, పసిఫిక్ మహాసముద్రం మీదుగా బ్యూనస్ ఎయిర్స్‌కు చేర్చారు. భూమి గుండ్రంగా ఉంటుంది కాబట్టి ఇదే దగ్గర దారి అని, బల్లపరుపు పటం మీద గీసిన గీత నిజం కాదని, అసలు పటానికి కుడి అంచూ ఎడమ అంచూ పక్కపక్కనే ఉంటాయని వివరించారు. ఉద్యోగంలో ఉన్నంతకాలం ఇంత శ్రద్ధగా ఎవరూ ఆయన పాఠం వినలేదు. విన్నారు గాని, ఒప్పుకోలేదు.

"అటు మొత్తం సముద్రమేగా మాష్టారూ, మధ్యలో ఒక్క ఊరన్నా లేదు. టీ తాగడానికి ఎక్కడ ఆపుతాడు?" అని ఒకరు అడిగారు.

"కాలవ ఎటుంటే బస్సు అటే వెళ్లాలి. నేల ఎటుంటే విమానం అటే వెళ్లాలి. ఎవరన్నా సముద్రం మీద రూటు వేస్తారా అండీ?" అని మరొకరు.

"మా మీదుగా పోయే విమానాన్ని పసిఫిక్కు మళ్లించడం దివిసీమకు జరుగుతున్న అన్యాయం. రైలు ఎలాగూ ఇవ్వలేదు, ఉన్న విమానం కూడా లాక్కుంటారా?" అని పెళ్లికొడుకు బాబాయి ఒకాయన మండిపడ్డారు. అక్కడికక్కడే మెరకలంక విమాన హాల్టు సాధన సమితి ఏర్పడింది. అధ్యక్ష పదవికి ఇద్దరు పోటీ పడటంతో చీలి, అవనిగడ్డ వర్గం, నాగాయలంక వర్గం అయింది. ఇరు వర్గాలూ వేర్వేరుగా ఒకే డిమాండు చేశాయి.

నిజం తేల్చుకోవడానికి సందు చివర ఎస్టీడీ బూతు నుంచి హైదరాబాదుకు ఫోను చేశారు. వెంకట్రామయ్యగారి దూరపు బంధువొకాయన అక్కడ విమానాశ్రయం క్యాంటీనులో సరుకు చూసుకుంటాడు. "టోక్యో నుంచి బ్యూనస్ ఎయిర్స్ వెళ్లేది మా దగ్గర ఆగదు" అని ఆయన ఖచ్చితంగా చెప్పాడు. ఆగదు అంటే పైనుంచి వెళ్తున్నట్టేనని మగపెళ్లివారు, అటు రావడమే లేదన్నమాటని ఆడపెళ్లివారు సంతోషించారు.

పరిస్థితి ఇలా ఉండగా యలమందగారు కలగజేసుకున్నారు. ఆయన ఆడపెళ్లివారి వైపు పెద్ద, పాత సర్పంచి. పొలం గట్లు, పంట బోదె నీళ్లు, అన్నదమ్ముల పంపకాలు, ఏ తగవు వచ్చినా ఆయన దగ్గర ఒకటే మందు. ఇద్దరూ చెప్పినవి కలిపి సగం చేస్తారు. అందులో నిజం ఎటున్నా, రెండు పక్షాలకూ సమానంగా అన్యాయం జరుగుతుంది కాబట్టి ఎవరికీ బాధ ఉండదు.

"ఇరవై మూడువేల ఆరువందలు, పద్దెనిమిదివేల నాలుగువందలు. కలిపి సగం చేస్తే ఇరవై ఒక్క వేలు. ఇద్దరికీ సమ్మతమేనా?"

సమ్మతమే గాని, శోభనాద్రిగారికి వృత్తిధర్మం అడ్డొచ్చింది. ధాన్యంలో తడి ఉంటుంది కాబట్టి తూకంలో కొంత కోత పెట్టడం, అంటే తరుగు తీయడం, మా వైపు ఆచారం. ఆకాశంలో మబ్బులుంటాయి, మబ్బుల్లో తడి ఉంటుంది, కనక నూటికి రెండు చొప్పున తరుగు తీయవలసిందేనని ఆయన అన్నారు. తీశారు. ఇరవైవేల ఐదువందల ఎనభై వచ్చింది. తరుగు తీశాక కొసరు వేయకపోతే వెలితిగా ఉంటుందని వెంకట్రామయ్యగారు అన్నారు. ఇరవై కిలోమీటర్లు కొసరు వేశారు. ఇరవైవేల ఆరువందలు.

"అలా కుదరదండీ. భూమి చుట్టుకొలతే నలభైవేలు. ఏ రెండు ఊళ్ల మధ్యా ఇరవై వేలకు మించి దూరం ఉండే వీల్లేదు" అన్నారు దైవాధీనంగారు, గ్లోబును ఒళ్లో పెట్టుకుని.

యలమందగారు ఆయన భుజం మీద చెయ్యి వేశారు. "ఆరువందలేగా మాష్టారూ. ఆడపిల్లవాళ్లం మనం. భూమి కూడా మన వైపుదే అనుకోండి. సర్దుకుంటుంది."

దైవాధీనంగారు సర్దుకున్నారు. భూమి కూడా సర్దుకున్నట్టే ఉంది, ఏమీ అనలేదు. గారెల మూకుడు మళ్లీ పొయ్యెక్కింది. పురోహితుడు రెండోదానికంటే దివ్యమైన మూడో ముహూర్తాన్ని కనుగొన్నాడు. పళ్లెం మళ్లీ పైకి లేచింది.

ఈసారి లహరి స్వయంగా గుమ్మం దాటి వచ్చింది.

"పెద్దలందరికీ నమస్కారం. టోక్యో సంగతి తేలింది, చాలా సంతోషం. మరి బందరు?"

"దగ్గరే" అన్నారు పెద్దలందరూ ఒక్క గొంతుతో. పొద్దున్నుంచి ఆ పందిట్లో ఏకాభిప్రాయం కుదిరిన మొదటి విషయం అది.

"దగ్గరేనంటున్నారు కాబట్టి ఒకసారి వెళ్లి చూసొద్దాం. ఇల్లు చూసుకోవడం ఎలాగూ ఆచారమేగా. బడి గేటు దగ్గర మొదలుపెట్టి, రోజూ నేనెలా వెళ్తానో అలాగే వెళ్దాం. చూసొచ్చాక తాంబూలాలు."

ఇంతసేపూ దగ్గరేనన్నవారు ఇప్పుడు కాదనడం బాగుండదు. భోజనాలు ముందే వడ్డించేశారు. సరళ తాంబూలాల పళ్లెం సర్దిన సజ్జ చేతిలో పట్టుకునే బయల్దేరింది. మంచి ఘడియ ఎక్కడ ఎదురవుతుందో చెప్పలేమని పురోహితుడు కూడా వెంట వచ్చాడు.

అద్దెకు మాట్లాడుకున్న హనీఫ్ వ్యాను వాళ్లను బందరు బడి గేటు దగ్గర దింపింది. "ఉండమంటారా అండీ?" అని అడిగాడు హనీఫ్.

"ఉండవోయ్, ఇప్పుడే వచ్చేస్తాం. దగ్గరే" అన్నారు యలమందగారు.

హనీఫ్ వాళ్ల కొత్త పంచెల వైపు ఒకసారి చూసి, "సరేనండీ" అని ఇంటికెళ్లిపోయాడు. బందరులో పుట్టినవాడికి అంతమాత్రం తెలుసు.

చల్లపల్లి దాకా బస్సులో సీట్లు దొరకలేదు. చల్లపల్లిలో అవనిగడ్డ బస్సు కోసం నిలబడితే, ఇప్పుడే వెళ్లిందన్నారు. తర్వాతది ఎప్పుడంటే వచ్చేస్తుందన్నారు. రెండో బస్సు కోసం నిలబడి, అవనిగడ్డలో మూడో బస్సు కోసం కూర్చుని, నాగాయలంకలో ఆటోలో ఒకరి ఒళ్లో ఒకరు సర్దుకుని, రేవుకు చేరారు. రేవులో పడవ ఉంది. నిండితేగాని కదలదని పడవవాడు తోమాసు చెప్పాడు. ఇంతమంది పెద్దమనుషులు ఎక్కినా అది నిండలేదు. ఒక గేదె రావలసి ఉందట. గేదె వచ్చింది. పడవ కదిలింది. పాయ మధ్యకు వచ్చేసరికి ఆటు మొదలై, నీరు సముద్రం వైపు లాగేసి, పడవ బురదలో కూర్చుంది.

"ఇంకెంత దూరమోయ్?" అని అడిగారు యలమందగారు.

"దగ్గరేనండీ" అన్నాడు తోమాసు.

"దగ్గరేనంటే? అంకె చెప్పవయ్యా, అంకె."

"అంకె చెబితే దిగి నడుస్తారా అండీ?"

యలమందగారి జీవితంలో ఈ ప్రశ్న ఇంతకుముందు ఎవరూ వేయలేదు. ఆయన కండువా తీసి మొహం తుడుచుకున్నారు. గేదె మాత్రం తొణకలేదు. దానికి ఈ దారి కొత్త కాదు.

అప్పుడే పైన ఎక్కడో సన్నగా చప్పుడైంది. అందరూ తలలెత్తారు. సాయంత్రపు ఎండలో మెరుస్తూ, ఆకాశం మీద తెల్లటి దారం పరుచుకుంటూ ఒక విమానం వెళ్తోంది. ఎటు నుంచి ఎటు వెళ్తోందో చెప్పగలవారు ఆ పడవలో ఒక్కరే ఉన్నారు. ఆయన కళ్లజోడు తుడుచుకుంటున్నారు.

"టోక్యోది" అన్నారు శోభనాద్రిగారు.

బురదలో కూరుకున్న పడవలోంచి పెద్దమనుషులు చేతులు ఊపారు. హాల్టు సాధన సమితి రెండు వర్గాలూ ఆ క్షణంలో ఒక్కటయ్యాయి. దైవాధీనంగారు కూడా ఊపారని తర్వాత కొందరన్నారు. ఆయన మాత్రం దోమను తోలుకున్నానంటారు.

విమానం కనుమరుగయ్యాక లహరి బురద వైపు, అవతలి గట్టు వైపు, తన వాచీ వైపు చూసి, తల వంచి తల్లి ఒళ్లోని సజ్జ మూత బిగించింది. తేజ అది చూశాడు. సజ్జలోని పళ్లెం చేతులు మారకుండానే గుడివాడ తిరిగి వెళ్తుందని అతనికి అర్థమైంది.

"నేను బందరులో ఉంటాను" అన్నాడు తేజ. "బడి దగ్గరే ఇల్లు తీసుకుందాం. చెరువుల దగ్గరికి రోజూ నేనే వచ్చి వెళ్తాను."

పడవ ఒక్కసారి పక్కకు ఒరిగింది. లేచినవారు అంతమంది.

"ఒరేయ్, మతి ఉందా నీకు?" అన్నారు శోభనాద్రిగారు. "ఎంత దూరమో తెలుసా? అరవై నాలుగు కిలోమీటర్లు. మూడు బస్సులు, ఆటో, పడవ, దిగాక లంకలో నడక. రానూపోనూ నూట ఇరవై ఎనిమిది. మగపిల్లాడు రోజూ అంత దూరం ఎలా తిరుగుతాడురా? మనిషన్నవాడు తిరిగే దూరమేనా అది?"

లహరి తలెత్తింది. "ఇంత ఖచ్చితంగా మీకెలా తెలుసండీ?"

"తెలీకపోవడమేంటమ్మా, పుట్టినప్పట్నుంచి తిరుగుతున్నదేగా" అన్నారాయన. ఆయన నిజంగానే ఆశ్చర్యపోయారు.

లహరికి నవ్వొచ్చింది. ఆపుకోవాలని చూసింది గాని వల్లకాలేదు. అంచు పట్టుకుని, పడవ కదిలేలా నవ్వింది. తేజ కూడా నవ్వాడు, ఈసారి దగ్గుగా మార్చుకోకుండా. నవ్వు తగ్గాక ఆమె యలమందగారి వైపు తిరిగింది.

"తాతగారూ, మీ అలవాటు ప్రకారం సగం చేయండి."

"దేన్నమ్మా?"

"అరవై నాలుగుని. ఆయన సగం తిరుగుతారు, నేను సగం తిరుగుతాను. మధ్యలో చల్లపల్లి ఉందిగా."

"అదెలా కుదురుతుందమ్మా. ఇది కిలోమీటర్ల విషయం కాదు, సంసారం విషయం."

"టోక్యోకి కుదిరిందిగా తాతగారూ."

చీకటి పడబోతోంది. దోమలు కూడా ఒక నిర్ణయానికి వచ్చినట్టు మూగుతున్నాయి. చల్లపల్లి సరిగ్గా సగం కాదని, బందరు వైపుకే కాస్త దగ్గరని, మగపిల్లాడికి ఎక్కువ పడుతుందని పెళ్లికొడుకు బాబాయి ఒకాయన లెక్క చెప్పారు. యలమందగారు శోభనాద్రిగారిని చూశారు. శోభనాద్రిగారు మేనల్లుణ్ణి చూశారు. వాడింకా నవ్వుతూనే ఉన్నాడు. ఆయన నిట్టూర్చి, వృత్తిధర్మం పాటించారు.

"పడవ ప్రయాణం తడి కదండీ. అది తరుగు కింద పోతుంది. మిగిలింది సగానికి సగమే."

పురోహితుడు ఆటులో కూడా ఒక మంచి ఘడియ ఉంటుందని, అది ఇదేనని ప్రకటించాడు. సరళ సజ్జ తెరిచింది. కృష్ణాపాయ మధ్యలో, గేదె సాక్షిగా, తాంబూలాలు మార్చుకున్నారు. పోటు వచ్చి పడవ తేలేసరికి తోమాసుకు కూడా లడ్డూ అందింది.

ఇది జరిగి ఐదేళ్లయింది. లహరీ తేజా చల్లపల్లిలో బస్టాండు వెనక సందులో కాపురం ఉంటున్నారు. పొద్దున్నే ఆమె ఒక బస్సు, అతను ఒక బస్సు ఎక్కుతారు. సాయంత్రం ముందు వచ్చినవాళ్లు అన్నం వండుతారు. ఈ ఏర్పాటులో ఏ లోపమూ లేకపోవడం రెండు కుటుంబాలకూ ఇబ్బందిగానే ఉంది. పండక్కి కోడలు రావాలంటే మెరకలంక దగ్గరే. కూతురు రావాలంటే గుడివాడ దగ్గరే. మా ఇంటికి ఒకసారి రండి అని ఆ పిల్ల పిలిస్తే మాత్రం, "అంత దూరం ఎలా వస్తామమ్మా" అంటారు ఉభయులూ. విమాన హాల్టు కోసం రెండు సమితులూ ఇప్పటికీ ఏటా చెరొక సభ పెడుతున్నాయి. పడవ నిండాలంటే ఇప్పటికీ గేదె రావాలి.

ఇది చదివినవారిలో కొందరు ఈపాటికే గోడ మీది క్యాలెండరు దించి, టోక్యో నుంచి బ్యూనస్ ఎయిర్స్‌కు ఎంతో సరిచూడటానికి దారం వెతుకుతూ ఉంటారు. చూసుకోండి, తప్పులేదు. దారం మిగిలితే, మీ ఇంట్లో పొద్దున్నే నలుగురికి వండిపెట్టి బస్సు కోసం పరుగెత్తే మనిషి ఎవరైనా ఉంటే, ఆమె వెళ్లే చోటు దాకా కూడా ఒకసారి పట్టి చూడండి. అదెంత దూరమో ఇప్పుడు అడిగితే, దారం చేతిలో ఉండగానే మీరు ఏం చెబుతారో నాకు తెలుసు.